గాలికి వదలని వీధి

జనవరి 11

గడుగ్గాయికి,

మా కాలంలో ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాసేవాళ్ళు. రాసేవాడికి తన కుశలం తెలుస్తుంది సరే, అవతలివాళ్ళ కుశలం ఎలా తెలుస్తుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అందుకని నా సగం మాత్రం రాస్తున్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి, పోవాలా వద్దా అని ఆలోచిస్తోంది. మిగతా మనిషంతా కొత్త కంప్రెసర్‌లా నడుస్తున్నాడు. ఫోన్ చెయ్యకు. చేస్తే నేను అరుస్తాను, నువ్వు అరుస్తావు, మీ అమ్మ మనిద్దరికీ గొడవైందనుకుని అన్నం మానేస్తుంది.

భూమి వేడెక్కకుండా ఏం చెయ్యాలో అన్ని దేశాలూ కూర్చుని మాట్లాడుకునే సభకి మన దేశం తరఫున వెళ్ళావట. వాదించడానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని ముందే తెలిస్తే, చిన్నప్పుడు నిన్ను అన్నిసార్లు నోరు ముయ్యమనేవాణ్ణి కాదు.

ఇక విషయానికొస్తాను. వచ్చేముందు కాస్త పక్కదారి.

మన ఫ్రిజ్ రిపేరు షాపుకి ఆమధ్య ఒక మిషను ఇచ్చారు గుర్తుందా? ఫ్రిజ్జుల్లోంచీ ఏసీల్లోంచీ పాత గ్యాస్‌ని లాగి సిలిండర్లో పట్టే మిషను. దేశాలన్నీ చందాలేసుకుని కొన్నదట. అంతకుముందు మా వృత్తిలో అందరం చేసేది ఒకటే. పైపు విప్పడం, ‘స్స్‌స్’ మనగానే మొహం పక్కకి తిప్పుకోవడం. ఆ మిషను నేర్పడానికి ఎక్కడో మంచు దేశం నుంచి ఓ పొడుగాయన వచ్చాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. ఇద్దరం గేజీ ముల్లు చూసి తలలూపుకున్నాం. “దీన్ని ఎందుకు పట్టాలయ్యా, పోతే గాలే కదా” అని చేతులు తిప్పి అడిగితే, కాగితం తీసుకుని ఒక సిలిండరు బొమ్మ గీశాడు. దాని పక్కన సమానం గుర్తులా రెండు అడ్డగీతలు. ఆ పక్కన కార్లు గీయడం మొదలెట్టాడు. కారు, కారు, ఇంకో కారు, ఒక్కోదాని వెనకా పొగ. కాగితం అయిపోయింది గానీ కార్లు అయిపోలేదు. రెండోవైపు తిప్పాడు. ఆ రోజు నేను ఒప్పుకున్నాను.

మీ అత్తయ్య బతికున్నప్పుడు అనేది: “ఈ మనిషిని ఒక పనికి ఒప్పించడం కష్టం, ఒప్పించాక మాన్పించడం బ్రహ్మతరం కాదు” అని. ఆ సంగతి ఆ పొడుగాయనకి ఎవరూ చెప్పినట్టు లేరు.

పట్టమన్నారు, పట్టాను. నన్ను చూసి చుట్టుపక్కల మెకానిక్కులు కూడా పట్టి, నిండినవి తెచ్చి నా దగ్గరే పడేశారు. అది రకరకాలు కలిసిపోయిన గ్యాస్, మళ్ళీ ఎక్కించడానికి పనికిరాదు. కాల్చేయాలి. ఇప్పుడు వెనక గదిలో నలభై దాకా సిలిండర్లు, పెళ్ళికొచ్చి తిరుగుబండి దొరకని చుట్టాల్లా భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాయి. తీసుకెళ్ళేవాడు మాత్రం లేడు.

మొన్న కాలుష్య శాఖ ఆఫీసరు వచ్చాడు. మాటల్లో సన్నాయి నొక్కులు నొక్కుతాడని మేం ఆయన్ని సన్నాయిగారు అంటాం.

“ఇన్నెందుకు పోగేశారండీ?” అన్నాడు.

“మీరే కదండీ పట్టమంది?”

“పట్టమన్నాం గానీ, దాచమన్నామా?”

“మరి పట్టినదాన్ని ఏం చెయ్యాలి?”

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. చెవిటివాడి దగ్గర గొంతు తగ్గించే మనిషి తెలివి చూడు! నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది, నాలుగోసారికి వీధంతా వింది. “మేడెక్కి, మెల్లగా, రోజుకి కొంచెం విప్పెయ్యండి. దానికి రంగుందా, వాసనుందా? కాగితాల సంగతి మేం చూసుకుంటాం.”

“విప్పను” అన్నాను.

గడుగ్గాయ్, ఇదే నా ప్రశ్న. దాన్ని కాల్చే కొలిమి మన దేశంలో లేదట. ఉన్న దేశానికి పంపుదామంటే సరిహద్దు దాటనివ్వరట. దొంగల్ని పట్టమని ఊరంతా చాటించి, జైలు కట్టకపోతే ఎట్లా? మీ సభలో అడుగు. అడిగి, ఏమన్నారో రాయి.

వదలనివాడు,
మామయ్య

జనవరి 29

మామయ్యా,

నా సగం కుశలం: జలుబు. హోటల్ గదిలో కిటికీ తెరుచుకోదు, ఏసీ ఆగదు. భూమి వేడి తగ్గించడానికొచ్చిన వాళ్ళందరం కోట్ల మీద కోట్లేసుకుని వణుకుతున్నాం. నువ్వుంటే ఈపాటికి ఆ పెట్టె విప్పి మంచం మీద పరిచేసేవాడివి.

సభ ఎలా ఉంటుందో చెప్తాను. ఇల్లు అమ్ముకునే అన్నదమ్ములు పంపకాలకి కూర్చుంటారే, అలా ఉంటుంది. కాకపోతే దాదాపు రెండొందల మంది అన్నదమ్ములు. ఓట్లు ఉండవు. ఒక్కడు కాదన్నా మాట ఆగిపోతుంది. ఒప్పందంలో ఏ వాక్యం మీద తగువు తేలలేదో దానికి అటూ ఇటూ బ్రాకెట్లు పెడతారు. బ్రాకెట్లలో ఉన్నంతకాలం అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. రోజంతా మా పని వాటిని ఒక్కోటీ పీకడం, లేదంటే లోపల ఉన్నదాన్ని కొట్టెయ్యడం.

నీ ప్రశ్నకి జవాబు లాంటి వాక్యం ఒకటి ఉంది. పట్టిన గ్యాస్‌ని కాల్చే వసతి లేని దేశాల నుంచి, వసతి ఉన్న దేశాలు దాన్ని తీసుకోవాలి, సరిహద్దు దాటడానికి అందరూ దారివ్వాలి అని. చదవగానే నీ వెనక గది కళ్ళముందు మెదిలింది. కానీ అది బ్రాకెట్లలో ఉంది.

మా బృందం పెద్దాయన దాన్ని వదిలేద్దామంటున్నాడు. “దీన్ని వదిలితే, పాత గ్యాస్ మానెయ్యడానికి మనకి ఇంకొన్నేళ్ళు గడువిస్తారు. పెద్ద చేప కావాలంటే చిన్న చేపని గాలానికి గుచ్చాలమ్మా” అన్నాడు. నీ సిలిండర్లు ఆ చిన్న చేప. నేను ఊరుకోలేదు. అలా అని గెలిచానని కూడా చెప్పలేను. పోట్లాట నడుస్తోంది.

ఇక రెండో సంగతి. అమ్మ భయపడుతోంది. నువ్వు మెకానిక్కులందరినీ పోగేసి అంతర్జాతీయ ఒప్పందం మీద తిరగబడుతున్నావని మీ వీధిలో ఎవరో చెప్పారట. నేను ఇక్కడ దాన్ని నిలబెట్టడానికి గొంతు చించుకుంటుంటే, నువ్వు అక్కడ దాన్ని కూలగొడుతున్నావా? సిలిండర్లకి కాపలాగా వెనక గదిలోనే పడుకుంటున్నావట కూడా, దయచేసి అది మానేయి. పంతాలకి పోకు. సిలిండర్లు కాలుష్య శాఖ ఆఫీసులో అప్పజెప్పి, కాగితం మీద సంతకం తీసుకో. మిగతాది నేను చూసుకుంటాను.

నీ
గడుగ్గాయి

ఫిబ్రవరి 14

ప్రతినిధిగారికి,

గడుగ్గాయి అని రాయబోయి మానేశాను. గడుగ్గాయి అయితే ఇలాంటి ఉత్తరం రాయదు.

‘అప్పజెప్పు’ అన్నావు. ఎవరికి? మేడెక్కి విప్పమన్నవాడికేనా? ‘మిగతాది నేను చూసుకుంటాను’ అన్నావు. ఆ మాట ఇంతకుముందే ఒకరి నోట విన్నాను, సన్నాయి నొక్కులతో సహా. నేను ఒప్పందం మీద తిరగబడ్డానన్నవాడెవడు? ఈ ఊళ్ళో ఆ ఒప్పందం ప్రకారం నడిచే దుకాణం నాదొక్కటే. తిరగబడింది దాన్ని కాగితం మీద నడిపేవాళ్ళ మీద.

నిన్న పేపర్లో మీ ఫోటో వేశారు. మీ పెద్దాయన మైకు ముందు నవ్వుతున్నాడు. కింద ‘చిన్న అంశాల్లో పట్టువిడుపులకు సిద్ధం’ అని రాశారు. వెనక వరసలో నువ్వు. చప్పట్లు కొడుతున్నావు! భూతద్దం పెట్టి చూశాను, అవి చప్పట్లే. మామయ్యని గాలానికి గుచ్చినందుకా అమ్మా, అంత ఆనందం? ఇకమీదట నీ ఫ్రిజ్ పాడైతే వేరే మెకానిక్కుని చూసుకో.

ఇక్కడి సంగతులు రాయకూడదనే కూర్చున్నాను. కానీ రాయకుండా ఉండే అలవాటు నాకు లేదు.

వీధివాళ్ళు నా మీద అర్జీ పెట్టారు. ఇళ్ళ మధ్య పేలుడు సామాను దాచానట. మొదటి సంతకం ఎదురింటి దర్జీ ఆవిడది. మర్నాడే సన్నాయిగారు నోటీసు అంటించి వెళ్ళాడు. ఒక కప్పు కింద ఐదుకి మించి సిలిండర్లుంటే షాపు సీలు వేస్తారు. లోపల ఉన్నవాటిని ‘తగిన రీతిలో ఖాళీ’ చేస్తారు. తగిన రీతి ఏమిటో మనకి తెలుసు.

నోటీసుని రెండుసార్లు చదివాను. చదువుకున్నవాళ్ళు రాసిందాన్ని చదువుకోనివాడు నిదానంగా చదువుతాడు, అదొక సుఖం. ఒక కప్పు కింద ఐదు. మంచిది. మన వీధిలో కప్పులు ఎన్ని!

ఒక సిలిండరు భుజానికెత్తుకుని నేరుగా దర్జీ ఆవిడ గుమ్మం ఎక్కాను. కుట్టు మిషను మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

“అర్జీ మీద మొదటి సంతకం నాది. తెలిసే వచ్చారా?”

“తెలిసే మొదట మీ గుమ్మానికొచ్చాను.”

“పేలుతుందా?”

“మామూలు నిప్పుకి అంటుకునే గ్యాస్ కాదు, పెద్ద కొలిమి వేడికి గానీ కాలదు. ఎండ తగలకుండా నీడలో ఉంచాలి, కింద పడెయ్యకూడదు. అంతే.”

“మరి అంత భద్రమైనదాన్ని మోసుకుంటూ ఎందుకు తిరుగుతున్నారు?”

“లోపలున్నంతసేపే భద్రం. బయటికొస్తే మన ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు. కానీ పైన నిలిచిపోయి భూమి మీద కంబళి కప్పుతుంది. ఇప్పుడున్న ఎండలు చాలవనా?”

ఆవిడ పాదం ఆపింది. “మొన్న మీ ఆఫీసర్ని నేనూ అడిగాను. ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తారండీ అని. అదంతా మేం చూసుకుంటాం అన్నాడు.” కత్తెర పక్కన పెట్టింది. “మా ఆయన బతికినన్నాళ్ళూ అదే మాట అన్నాడు. పోయేదాకా ఏదీ చూసుకోలేదు. పెట్టండి, ఆ మూల పెట్టండి. ఇస్త్రీ బల్లకి దూరంగా.”

ఆవిడ తీసుకున్నాక వీధి తీసుకుంది. రొట్టెల కొట్టాయన ఒకటి, పళ్ళ డాక్టరు ఒకటి, మేడ మీది సంగీతం టీచరు ఒకటి. టీచరు దానికి గుడ్డ కప్పి దానిమీద పూలకుండీ పెట్టాలని చూస్తే కోప్పడ్డాను. సాయంత్రాలు సబ్బునీళ్ళ గిన్నె, కుంచె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కవాటాల మీద నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూసి వస్తున్నాను. ప్రతి ఇంట్లోనూ టీ ఇస్తున్నారు. నిద్ర పట్టి వారమైంది.

షాపులో ఇప్పుడు ఐదే ఉన్నాయి. సీలు వేసుకోమను.

మామయ్య
(నీకు ఇంకా మామయ్యనే అనుకుంటే)

ఫిబ్రవరి 17

మామయ్యా,

నీ నుంచి ఉత్తరం లేదు. కోపమొచ్చి ఉంటుంది. వస్తే రానీ, ఇది చదివాక పోతుంది.

నిన్న పెద్దాయన పక్క హాల్లో ఇంకో బేరంలో ఉన్నాడు. మన దేశం కుర్చీలో నేను కూర్చున్నాను. ఇక్కడ మాట్లాడాలంటే మన ముందున్న, దేశం పేరు రాసిన పలకను నిలువుగా నిలబెట్టాలి. అధ్యక్షురాలు గబగబా కాగితాలు తిప్పుతూ, “ఈ వాక్యం తీసేద్దాం, ఎవరికీ అభ్యంతరం లేనట్టుంది” అని సుత్తి ఎత్తింది. నా చెయ్యి నన్ను అడగలేదు మామయ్యా. పలక నిలబెట్టేసింది. ఆవిడ చూడనట్టు నటించింది. నేను లేచి నిలబడి దాన్ని నెత్తిమీదికెత్తాను.

మాట్లాడమన్నారు. వెనక నుంచి ఒకాయన మైకు అందుకున్నాడు. “మీ దగ్గర నిల్వ ఉన్న గ్యాస్ సున్నా అని మీ ప్రభుత్వమే రాసిచ్చింది. లేని గ్యాస్‌కి దారి ఎందుకు?”

సున్నా అట! కాగితం తిరగేసి చూశాను. నిజంగానే సున్నా, కింద సంతకం.

“ఉంది” అన్నాను.

“ఎక్కడ?”

“మా మామయ్య షాపు వెనక గదిలో.”

హాలు నవ్వింది. ఒక్కసారి కాదు, విడతలు విడతలుగా. ఎవరి చెవిలోకి అనువాదం అందితే వాళ్ళు నవ్వారు. చివరి వరసలోవాళ్ళు నవ్వేసరికి ముందువరస ఆపేసింది. ఆ సందులోనే ఒక్కసారి కూడా నవ్వని మనిషిని చూశాను. మన పక్క దేశం ప్రతినిధి, బట్టతలాయన. వాళ్ళతో మనకి మాటల్లేవు, సరిహద్దు తగువు. అయినా కాఫీ మిషను దగ్గర, నన్ను చూడకుండా కప్పుని చూస్తూ అన్నాడు: “మా సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో ఆ గ్యాస్‌ని ఆనవాలు లేకుండా కాల్చొచ్చు. అనుమతి కూడా ఉంది. గ్యాసే రాదు. నిజంగా ఉందా?”

“నలభై సిలిండర్లు” అన్నాను.

పెద్దాయన అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. నేను చెప్పింది అబద్ధమని నిరూపించడానికి మీ ఆఫీసరుని షాపు తనిఖీకి పంపిస్తున్నాడు. పంపనీ! అదే కదా మనకి కావాల్సింది. నిండు గదిని ఫోటో తీసుకుని ఇక్కడికి పంపక తప్పదు వాళ్ళకి.

మామయ్యా, నేను ఇంతకుముందు రాసిందంతా మర్చిపో. అప్పజెప్పొద్దు. ఒక్క సిలిండరు కూడా గది దాటించొద్దు. నా మాట ఆ గది మీదే నిలబడి ఉంది.

నీ
గడుగ్గాయి

ఫిబ్రవరి 26

గడుగ్గాయికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. ఆఫీసరు మంగళవారం వచ్చాడు.

ఇంకేం చెప్పను? వచ్చాడు, వెనక గది తలుపు తీశాడు, ఐదు చూశాడు. ఆ మనిషి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మూల మూలలా ఫోటోలు తీశాడు. “చాలా సంతోషమండీ. ఇంతేనా? ఇంకెక్కడైనా ఉన్నాయా?” అని అడిగాడు, ఎంత మర్యాదగానో.

“ఇంతే” అన్నాను.

ఆయన వెళ్ళాక కుర్చీలో వెనక్కి వాలి నా తెలివికి నేనే మురిసిపోయాను. ప్రభుత్వాన్ని బోల్తా కొట్టించానని రొట్టెల కొట్టాయన నాకు ఊరికే ఒక బన్ను కూడా ఇచ్చాడు. అది అరిగేలోపల నీ ఉత్తరం వచ్చింది. నా మాట ఆ గది మీదే నిలబడి ఉందన్నావు. కింద నేల లాగేసింది మీ మామయ్యే. నువ్వేమో అక్కడ నాకోసం పలక నెత్తికెత్తుకున్నావు, నేనేమో చప్పట్లు కొట్టావని తిట్టాను. ఆ తిట్ల ఉత్తరం నీకు ఇంకా అందకపోతే, అందాక చదవకు.

తల పట్టుకు కూర్చుంటే దర్జీ ఆవిడ వచ్చింది. నీ ఉత్తరం తీసుకుని చదివింది. నేను ఇవ్వలేదు, తనే తీసుకుంది.

“ఇప్పుడేం చేద్దామని?” అంది.

“అన్నీ మళ్ళీ గదిలోకి చేర్చి ఫోటో తీస్తే?”

“తీయగానే సీలు వేస్తారు. మూత విప్పుతారు. బుర్ర కూడా కంప్రెసర్‌తోపాటు రిపేరుకిచ్చారా?” అని నా ఎదురుగా కూర్చుంది. “దాచామని అనుకుంటున్నారు కాబట్టే దొంగల్లా ఉన్నాం. ఏం దొంగతనం చేశాం? ఒక కప్పు కింద ఐదు ఉండొచ్చన్నారు. మా కప్పు కింద ఒకటే ఉంది. నా ఇంట్లో ఉన్నదాన్ని నా గుమ్మంలో పెట్టుకుని నిలబడటానికి ఎవరి అనుమతి కావాలి?”

మరుసటి మధ్యాహ్నం వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది, ఎవరి సిలిండరు వాళ్ళ పక్కన పెట్టుకుని. ఫోటో స్టూడియో ఆయన్ని పిలిచాం. ఆయన జన్మంతా పాస్‌పోర్టు ఫోటోలు తీసినవాడు. వీధి ఫోటో తీస్తూ కూడా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి “గడ్డం పైకెత్తండి, రెండు చెవులూ కనపడాలి” అంటాడు. రొట్టెల కొట్టాయన పిండి చేతులు కడుక్కోనన్నాడు. పళ్ళ డాక్టరు నోరు తెరిపించిన మనిషిని కుర్చీలో అలాగే వదిలేసి వచ్చాడు. సంగీతం టీచరు పూలకుండీ సంగతి ఇంకా మర్చిపోలేదు, నా వైపు చూడకుండా నిలబడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వమని ఫోటో ఆయన అడిగితే దర్జీ ఆవిడ “దేనికీ?” అంది.

సగంలో సన్నాయిగారి జీపు వచ్చింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, జీపు దిగకుండానే “ఇదేంటండీ?” అన్నాడు.

“మీ సున్నా అండీ. లెక్కపెట్టుకోండి” అన్నాను.

అరెస్టు చేయిస్తానన్నాడు. చేస్తే అందర్నీ చెయ్యాలి. అప్పుడు సన్నాయిగారి పుచ్చుపన్ను సంగతేంటని పళ్ళ డాక్టరు అడిగాడు. సగం తవ్వి ఉంచాడట. జీపు వెనక్కి తిరిగింది.

ఫోటో ఇందులో ఉంది. అందరికంటే త్వరగా చేర్చేవాళ్ళ చేతికిచ్చాను. ఆలస్యమైపోతే నన్ను క్షమించనక్కర్లేదు, కనీసం ఫోటో దాచుకో. అందరికీ రెండు చెవులూ కనపడుతున్నాయి.

మామయ్య

మార్చి 6

మామయ్యా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. పొద్దున తిట్లు, సాయంత్రం ఫోటో. మధ్యలో ఉన్న రోజు గురించి చెప్తాను.

ముందు ఒకటి. అవి చప్పట్లు కావు. హాల్లో చలికి చేతులు రుద్దుకుంటున్నాను. భూతద్దం మార్చు.

పొద్దున సభలో మా పెద్దాయన నీ గది ఫోటో తెర మీద వేశాడు. ఐదు సిలిండర్లు, శుభ్రంగా ఊడ్చిన నేల. “మా ప్రతినిధి కుటుంబాభిమానంతో మాట జారింది, మన్నించాలి” అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా కుర్చీలోంచి నన్ను లేపి, వెనక గోడ పక్కన కూర్చోబెట్టారు. అక్కడ మైకు ఉండదు. నీ మీద ఎంత కోపమొచ్చిందో రాయను, నీ దగ్గర నేర్చుకున్న మాటలే అవి.

సాయంత్రం కవరు విప్పి ఫోటో చూశాను. చాలాసేపు చూశాను. దర్జీ ఆవిడ నన్నే కోప్పడుతున్నట్టుంది.

పెద్దాయనకి చూపించాను. మెచ్చుకోలుగానే చూశాడు, దాచడమెందుకు. తర్వాత అన్నాడు: “ఇది ఏ దేశంలో ఏ వీధో ఎవరికి తెలుసమ్మా? లోపల పెట్టు. గడువు మనకి వచ్చేసేలా ఉంది. ఇప్పుడు మన సున్నా తప్పని మనమే చెప్పుకుంటే, మన మిగతా అంకెలు ఎవరు నమ్ముతారు?”

“ఇది మా వీధి అండీ” అన్నాను.

మర్నాడు ఆ వాక్యం కొట్టెయ్యడానికి మళ్ళీ తెచ్చారు. నాకు పలక లేదు, మైకు లేదు, కుర్చీ లేదు. పక్క దేశం బట్టతలాయన పలక నిలబెట్టాడు. మాట్లాడమన్నారు. ఆయన లేచి, తన కుర్చీ వెనక్కి లాగి, గోడ పక్కనున్న నావైపు చూసి చెయ్యి చాపాడు. “మా దేశం సమయంలో ఈవిడ మాట్లాడతారు” అన్నాడు. మనతో మాటల్లేని దేశం, మామయ్యా! వాళ్ళ పేరు వెనక కూర్చుని మన వీధి గురించి చెప్పాను. ఫోటో తెర మీద వేశారు. మన ప్రభుత్వం చెప్పిన సున్నా ఇదీ అన్నాను. ప్రపంచమంతా చందాలేసి మిషను కొనిచ్చింది, వాళ్ళు పట్టారు, ఇక పట్టుకోలేకపోతున్నారు, మీరు తీసుకుంటారా వదిలెయ్యమంటారా, ఏదో ఒకటి వాళ్ళ మొహాలు చూసి చెప్పండి అన్నాను.

ఫోటో ఆయన పుణ్యం. అన్ని మొహాలూ నేరుగా హాల్లోకే చూస్తున్నాయి.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు పలకలెత్తారు. నీ వెనక గదిలాంటి గదులు వాళ్ళ దగ్గరా ఉన్నాయట, వాళ్ళూ సున్నాలే రాశారట. బ్రాకెట్లు పోయాయి. ‘తీసుకోవాలి’ అనే మాటని ‘తీసుకోవచ్చు’ అని మెత్తబరిచారు. నేను ఏడవబోతుంటే బట్టతలాయన అన్నాడు: “ఎవరికీ ‘తీసుకోవాలి’ అక్కర్లేదమ్మా. ఇప్పటిదాకా దారి మూసి ఉంది, ఇప్పుడు తెరుచుకుంది. మా లారీ వస్తుంది.”

ఇంకో దేశం పలక వెనక కూర్చుని మాట్లాడినందుకు నా ఉద్యోగం తీసేశారు. గడువు కూడా రాలేదు, అది నా ఖాతాలోనే రాశారు. పెట్టె సర్దుకుంటున్నాను. ఇక్కడి నుంచి ఎటు వెళ్ళాలో తెలియడం లేదు.

గడుగ్గాయి

మార్చి 27

గడుగ్గాయికి,

నీ ఉత్తరం షాపు ముందు నిలబడి గట్టిగా చదివాను. నీ ఉద్యోగం పోయిందని విని వీధి చాలా సంతోషించింది. తొందరపడి తిట్టుకోకు, పూర్తిగా చదువు.

మీ సభ ముగిసిన వార్త పేపర్లో వచ్చిన మూడోనాటికి సన్నాయిగారు పెద్ద వ్యాను వేసుకుని వచ్చాడు. అలాంటి మర్యాద అత్తారింట్లో కూడా జరగదు. “ఇన్నాళ్ళూ శ్రమపడ్డారు. ఇక మాకిచ్చెయ్యండి, మేమే జాగ్రత్తగా సరిహద్దుకి చేరుస్తాం” అన్నాడు. నేను కవాటాలు ఎలా పట్టుకోవాలో చెప్పబోతున్నాను, నిజం చెప్తున్నా, కొంచెం మెత్తబడ్డాను. ఆయన గొంతు అలాంటిది.

వెనక టప్‌మని చప్పుడైంది. దర్జీ ఆవిడ తలుపు వేసేసింది. తర్వాత రొట్టెల కొట్టు షట్టరు దిగింది. పళ్ళ డాక్టరు, పై మేడ, ఆ పక్కిల్లు. చెవిటివాణ్ణి నాకే అన్ని తలుపులూ వినపడ్డాయంటే చూసుకో. దర్జీ ఆవిడ కిటికీలోంచి అంది: “లోపల ఉన్నదాన్ని సున్నా అని రాసినవాళ్ళు, దారిలో ఉన్నదాన్ని ఏమని రాస్తారో మాకు తెలీదా బాబూ? వెళ్ళిరండి.”

ఖాళీ వ్యాను వెళ్ళాక అందరూ నా షాపులోకొచ్చి కూర్చున్నారు. పక్క దేశం లారీకి వచ్చే నెలకి అనుమతి దొరికింది. ఆ లారీని నమ్ముతాం. కానీ దారి పొడుగునా గేట్లున్నాయి, తనిఖీలున్నాయి, సన్నాయిగార్లున్నారు. తోడు ఎవరు వెళ్ళాలి అన్నది మాట. నేను వెళ్తానన్నాను. “ఎవరైనా ‘మూత విప్పనా’ అంటే ఈయన ‘టీ తాగనా’ అని వింటాడు” అన్నాడు రొట్టెల కొట్టాయన. పళ్ళ డాక్టరుకి రోగులున్నారు. దర్జీ ఆవిడ, “ఉద్యోగం లేని మనిషి కావాలి. పై అధికారి లేని మనిషి. ‘వదిలెయ్‌’ అంటే వినని మనిషి” అంది. అందరూ నావైపు తిరిగారు. నావైపు కాదు, నా చేతిలో ఉన్న నీ ఉత్తరం వైపు.

కాబట్టి ఎటు వెళ్ళాలో తెలియడం లేదన్న బెంగ పెట్టుకోకు. డ్రైవరు పక్క సీటు నీది. జీతం లేదు, కోటు అక్కర్లేదు. ఒక్క సిలిండరు కూడా దారిలో దిగకూడదు. ఆ కొలిమి ముందు నిలబడి, ప్రతి ఒక్కటీ అందులోకి వెళ్ళడం నీ కళ్ళతో చూడాలి. సంతకాలు మాకొద్దు. నువ్వు చూశానంటే చాలు.

నీకోసం ఎదురు చూసేది
మామయ్యా, వీధీ

ఏప్రిల్ 14

మామయ్యా,

ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. అమ్మకి చెప్పు, తిన్నాను.

సరిహద్దు గేటు దగ్గర ఆపారు. మన శాఖ పంపిన జాబితాలో షాపులో ఉన్న ఐదే ఉన్నాయట. ఆ ఐదూ వెళ్ళొచ్చు, మిగతావి దించెయ్యమన్నారు. “మిగతావి లేవు కదా, లేనివాటిని ఎలా దించుతారు?” అని అడిగాను. గేటు ఆఫీసరుకి కోపమొచ్చింది. లారీ దిగమన్నాడు. దిగలేదు. కాసేపటికి అవతలి గేటు వైపు నుంచి బట్టతలాయన నడుచుకుంటూ వచ్చి నా పక్కనెక్కి కూర్చున్నాడు. ఇరుకైంది. వెనక కూరగాయల లారీలు, పాల లారీలు, ఒక పెళ్ళి బస్సు, అన్నీ హారన్లు మొదలెట్టాయి. పెళ్ళికొడుకు స్వయంగా దిగి వచ్చి గేటు ఆఫీసరుతో పోట్లాడాడు. భోజనాల వేళకి జాబితా మారింది. ఉన్నవన్నీ ఉన్నట్టు రాశారు. మన దేశం కాగితం మీద ఆ అంకె చూడటం అదే మొదటిసారి.

అన్నీ లోపలికి వెళ్ళాయి. ఒక్కొక్కటీ చూశాను. దర్జీ ఆవిడది, దాని మీద సుద్దతో ఆవిడ వేసిన గీత ఇంకా ఉంది. పూలకుండీ గుండ్రటి మరక ఉన్నది కూడా. టీచరు నీ మాట వినలేదు మామయ్యా. చూడ్డానికి ఏమీ లేదు. మంట రంగు కూడా మారదు. గేజీ ముల్లు మెల్లగా పడుతుంది, పైపు చల్లబడి దాని మీద చెమట పడుతుంది, అంతే. మనం ఇంత పోట్లాడింది ఏమీ కనపడకుండా పోవడానికే కదా అనిపించింది.

చివరిది ఖాళీ అయ్యాక కొలిమి ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “అయిపోయిందమ్మా. ఇక గ్యాస్ లైను విప్పి లోపల పెట్టేస్తాం” అన్నాడు.

“విప్పకండి” అన్నాను. “ఇది ఒక్క వీధిదే.”

గడుగ్గాయి